‘అప్’తో వచ్చే ఫ్రేజల్ వెర్బ్స్ బట్టీ పట్టకుండా ఎలా నేర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. దేవరకొండ దగ్గరి పల్లెలో పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివారు, ఇప్పుడు నల్గొండలో డిగ్రీ చివరి సంవత్సరం. బ్యాంకు పరీక్షలకు తయారవుతున్నారు. కోచింగ్‌లో ఇచ్చిన ఫ్రేజల్ వెర్బ్స్ జాబితాలో, అంటే క్రియ పక్కన ‘అప్’, ‘అవుట్’ లాంటి చిన్న మాట చేరి వచ్చే జంటల జాబితాలో, ఒక్క ‘అప్’తోనే పేజీలకు పేజీలు ఉన్నాయి. రాత్రి కంఠతా పట్టినవి తెల్లవారేసరికి కలగాపులగం అవుతున్నాయి. ‘గివ్ అప్’, ‘టేక్ అప్’, ‘పుట్ అప్’, ‘మేక్ అప్’లలో ఏది దేనికో గుర్తుండటం లేదు. దీనికి పద్ధతి ఏదైనా ఉందా, లేక బట్టీయే గతా అని అడిగారు. దరఖాస్తుకు ‘ఫిల్ అప్’ అనాలా, ‘ఫిల్ ఇన్’ అనాలా అన్న సందేహం కూడా చివర్లో రాశారు.

పద్ధతి ఉంది. జాబితాను క్రియ వైపు నుంచి కాకుండా ‘అప్’ వైపు నుంచి చదవండి. గివ్, టేక్, పుట్ అంటే ఏమిటో మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెలియనిది వెనకాల ఉన్న ఆ చిన్న మాట చేసే పని. ‘అప్’ చేసే పనులు ఏడెనిమిదికి మించవు. వాటిలో చాలావాటికి తెలుగులో సరిజోడు ఉంది, అది మీ నోట రోజూ పలుకుతూనే ఉంది. ఆ జోడును పట్టుకుంటే జాబితాలో సగానికి పైగా వాటంతట అవే విడిపోతాయి. మిగిలినవాటిని మాత్రం మాటగానే గుర్తు పెట్టుకోవాలి. ఆ భాగాన్ని దాచి, అంతా సులువే అని చెప్పడం నాకు ఇష్టం లేదు.

నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లిష్ చెప్పాను. ఇప్పుడు సాయంత్రాలు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలకు చెబుతున్నాను. మీరు రాసిన ఇబ్బంది నా దగ్గరికి వచ్చే ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటుంది. తెలివికీ దీనికీ సంబంధం లేదు. 1755లో తన ఇంగ్లిష్ నిఘంటువు పీఠికలోనే సామ్యూల్ జాన్సన్ ఈ సంగతి రాశాడు: క్రియ పక్కన చిన్న మాట చేరి అర్థం మార్చేసే ఈ పద్ధతే పరాయి భాషల వారికి అన్నిటికంటే కష్టమైనదని. అంటే మనకు ముందు రెండున్నర శతాబ్దాల నుంచీ అందరికీ ఇదే గొడవ.

ఇక ధైర్యం ఇచ్చే సంగతి ఒకటి చెబుతాను. డీ గార్డ్నర్, మార్క్ డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు పది కోట్ల పదాలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను (వాడుకలోని ఇంగ్లిష్ నుంచి పోగుచేసిన నమూనాల గుట్టను) జల్లెడ పట్టి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఇరవై మామూలు క్రియలు ఎనిమిది చిన్న మాటలతో కలిస్తే వచ్చే జంటలే అందులో కనిపించిన ఫ్రేజల్ వెర్బ్స్‌లో సగానికి పైగా ఉన్నాయని తేలింది. ఆ ఎనిమిదిలో ‘అప్’ ముందు వరుసలో ఉంటుంది. ‘సెట్ అప్’, ‘పిక్ అప్’ అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవాటిలో ఉన్నాయి. కాబట్టి ‘అప్’ మీద పెట్టిన శ్రమ వృథా పోదు. పేజీలకు పేజీల జాబితా చూసి భయపడాల్సిన పనీ లేదు.

తెలుగులో ఈ యంత్రం ఇప్పటికే ఉంది

‘తిను’కూ ‘తినేయి’కీ తేడా ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ‘అన్నం తిన్నాను’ అంటే తినే పని జరిగింది, అంతే. ‘అన్నం తినేశాను’ అంటే గిన్నెలో ఏమీ మిగల్లేదు. క్రియ మారలేదు, వెనక ‘వేయు’ వచ్చి చేరింది, పని పూర్తయినట్టు చెప్పింది. ఇంగ్లిష్‌లో ‘ఈట్’, ‘ఈట్ అప్’ మధ్య ఉన్నది కూడా సరిగ్గా ఇదే తేడా. ‘తాగు, తాగేయి’కి ‘డ్రింక్, డ్రింక్ అప్’. ‘వాడు, వాడేయి’కి ‘యూజ్, యూజ్ అప్’.

తనంతట తాను జరిగే మార్పుకు మనం ‘వేయు’ వాడం, ‘పోవు’ వాడతాం. బోరు ఎండిపోయింది, కాగితం కాలిపోయింది. ఇంగ్లిష్ రెండింటికీ ‘అప్’తోనే సరిపెడుతుంది: బోరు ‘డ్రైడ్ అప్’, కాగితం ‘బర్న్‌డ్ అప్’. బోర్లు ఎండిపోవడం నల్గొండ, పాలమూరు రైతు బిడ్డలకు ఒకరు చెబితే తెలిసేది కాదు. అందుకే ఈ వర్గాన్ని నేను ఎప్పుడూ ‘డ్రై అప్’తోనే మొదలుపెడతాను. ఆరేసిన బట్టలు ‘డ్రై’ అవుతాయి, బావి ‘డ్రై అప్’ అవుతుంది. బట్టలకు ‘అప్’ పెట్టకూడదు. మనం కూడా బట్టలు ఆరాయి అంటాం, బావి ఎండిపోయింది అంటాం. తేడా మీ చెవిలోనే ఉంది, దానికి ఇంగ్లిష్ తొడుగు తొడగడమే మిగిలింది.

ఇక్కడ ఒక జాగ్రత్త, చాలా ముఖ్యమైనది. ‘పోయింది’ అని వినబడగానే ‘అప్’ పెట్టేయకండి. మన ‘పోవు’ ఒక్కటే, ఇంగ్లిష్ మాత్రం ఏ దిక్కుకు పోయిందో అడుగుతుంది. దీపం ఆరిపోతే ‘వెంట్ అవుట్’. పెట్రోలు అయిపోతే ‘ర్యాన్ అవుట్’. పాలు విరిగిపోతే ‘వెంట్ ఆఫ్’. మనిషి వెళ్ళిపోతే ‘వెంట్ అవే’. బండి చెడిపోతే ‘బ్రోక్ డౌన్’. పొలం అమ్మేస్తే ‘సోల్డ్ ఆఫ్’. బండి ‘బ్రోక్ అప్’ అంటే ముక్కలు ముక్కలైందని అర్థం. ఇంటర్వ్యూకు ఆలస్యంగా వచ్చి ఆ మాట అంటే ఎదుటివారు కంగారు పడతారు. మనుషులు ‘బ్రోక్ అప్’ అంటే విడిపోయారని.

‘అప్’ చేసే పనులు

పైకి కదలడం అనే అసలు అర్థం మీద మీ సమయం ఖర్చు చేయకండి. స్టాండ్ అప్, గెట్ అప్, పిక్ అప్, ఇవి ఒకటో తరగతిలోనే వచ్చాయి. ‘వేక్ అప్’ అంటే మెలకువ రావడం, ‘గెట్ అప్’ అంటే పక్క మీద నుంచి లేవడం అన్న తేడా ఒక్కటి చూసుకుంటే చాలు.

పెరగడం రెండవది. పైకి అంటే ఎక్కువ అన్న ఊహ తెలుగులోనూ ఉంది: ధరలు పైకి పోయాయి అంటాం, గొంతెత్తి మాట్లాడు అంటాం. ‘స్పీక్ అప్’ అచ్చంగా గొంతెత్తడమే. ‘స్పీడ్ అప్’, ‘హీట్ అప్’, శబ్దం పెంచే ‘టర్న్ అప్’, దిగులు పోయి ఉత్సాహం తెచ్చుకునే ‘చీర్ అప్’ ఇందులోవే. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. వరద వచ్చే రోజుల్లో మట్టం ‘గోయింగ్ అప్’ అని ఇంగ్లిష్ పత్రికలో కనబడుతుంది. ఆ వార్తను తెలుగు పత్రికలోనూ చదివి పక్కపక్కన పెట్టుకోండి. ఇక్కడే ‘గ్రో అప్’, ‘బ్రింగ్ అప్’ జంటను కూడా నేర్చుకోండి. పెరగడం మొదటిది, పెంచడం రెండవది. ‘మా అమ్మ నన్ను గ్రూ అప్ చేసింది’ అన్న ధోరణిలో రాసేవారు చాలామంది ఉన్నారు. తెలుగులో మనం పెరుగు, పెంచు అని రెండు రూపాలు ఉంచుకున్నాం. ఇంగ్లిష్ ఇక్కడ క్రియనే మార్చేసింది.

పూర్తి కావడం గురించి పైన చెప్పాను. దానికి దగ్గర చుట్టాలు రెండు. ముక్కలు చేసేవి ఒకటి: ‘కట్ అప్’, ‘టేర్ అప్’. చింపడం వేరు, చింపి పారేయడం వేరు కదా, ఆ రెండవదానికే ‘అప్’ వస్తుంది. మూసి కట్టేసేవి ఇంకొకటి: ‘లాక్ అప్’, ‘టై అప్’, ‘ప్యాక్ అప్’, ‘ర్యాప్ అప్’. ఇవన్నీ ఇక మిగిలిందేమీ లేదు అన్న భావం చుట్టూ తిరుగుతాయి. ఇంకో చిన్న మెలిక ఉంది: ఈ ‘అప్’ పక్కన వచ్చే వస్తువు ఫలానాదని తెలియాలి. ఊరికే ‘ఈట్ అప్ రైస్’ అంటే అతకదు, ‘ఈట్ అప్ ద రైస్’ అంటే కుదురుతుంది. ఇంత అని తెలియనిదాన్ని పూర్తిగా తినడం ఎలా కుదురుతుంది?

నాకు అన్నిటికంటే ఇష్టమైన వర్గం నాలుగవది, కనబడటం. కింద ఎక్కడో ఉన్నది పైకి వచ్చి కంటపడింది అన్న ఊహ. తెలుగు ఇక్కడ ఎంత దగ్గరగా నడుస్తుందో చూడండి. సమస్య ‘కేమ్ అప్’, లేదా ‘క్రాప్‌డ్ అప్’ అంటే సమస్య తలెత్తింది. పిలవని చుట్టం పెళ్ళికి ‘టర్న్‌డ్ అప్’ అంటే వచ్చి తేలాడు. నీళ్ళ అడుగున ఉన్నది పైకి వస్తేనే కదా తేలడం! ‘షో అప్’ కూడా వచ్చి కనబడటమే. మాటల మధ్య ఒక విషయాన్ని ‘బ్రింగ్ అప్’ చేయడం అంటే ప్రస్తావనకు తేవడం. పిల్లలను పెంచడమూ ‘బ్రింగ్ అప్’, మాట ఎత్తడమూ ‘బ్రింగ్ అప్’. పక్కన ఉన్నది పిల్లలా, విషయమా చూస్తే ఏ అర్థమో వెంటనే తేలిపోతుంది. ‘మాట ఎత్తడం’ అని మనమే అంటున్నాం, గమనించారా?

అందుకోవడం ఐదవది. ‘క్యాచ్ అప్’ అంటే ముందున్నవారిని అందుకోవడం, ‘కీప్ అప్’ అంటే వెనకబడకుండా సమానంగా నడవడం. ఎవరితో అన్నది చెప్పాలంటే రెండింటికీ వెనక ‘విత్’ రావాలి. దీనితో ఇంతకంటే పని లేదు.

కూర్చడం, కల్పించడం ఆరవది. లేనిదాన్ని నిలబెట్టడం అన్నమాట. ‘సెట్ అప్’ అంటే నెలకొల్పడం. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాన్ని నల్గొండలో 2007లో నెలకొల్పారు, పాలమూరు విశ్వవిద్యాలయాన్ని 2008లో. ఈ రెండు వాక్యాలూ ‘సెట్ అప్’తో రాసి చూడండి. ‘డ్రా అప్’ అంటే పత్రమో, ప్రణాళికో తయారు చేయడం. ‘కమ్ అప్ విత్’ అంటే ఉపాయమో, జవాబో ఆలోచించి చెప్పడం. కథ అల్లితే ‘మేక్ అప్’.

ఏడవది ఆపేయడం. ‘గివ్ అప్’ను మీరు ఎందుకు మరచిపోతున్నారో నాకు తెలియదు కానీ, ఇకపై మరచిపోరు: చేతులెత్తేయడం. రెండు భాషలూ ఇక్కడ చేతులు పైకే ఎత్తాయి. అలవాటు మానేసినా ‘గివ్ అప్’ అనే అంటారు. ‘హ్యాంగ్ అప్’ అంటే ఫోను పెట్టేయడం. పాత ఫోన్లలో మాట్లాడటం అయ్యాక రిసీవరును పైనున్న కొక్కానికి తగిలించేవారు, ఆ పని పోయినా మాట మిగిలింది. ‘హోల్డ్ అప్’ అంటే ఆలస్యం చేయడం, దారిలో ఆపేయడం.

ఈ చివరిదాని మీద ఒక సంగతి చెప్పాలి. నా దగ్గర చదివిన అబ్బాయి ఒకడు జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా సెజ్‌లో స్టోర్స్‌లో పనిచేస్తాడు. చేరిన కొత్తలో, సరుకు లారీ షాద్‌నగర్ దగ్గర ‘హెల్డ్ అప్’ అయిందని సందేశం వచ్చింది. ‘హోల్డ్’ అంటే పట్టుకోవడం అని తెలుసు కాబట్టి, లారీని పోలీసులు పట్టుకున్నారనుకుని పై అధికారికి అదే చెప్పాడు. అక్కడ జరిగింది ట్రాఫిక్‌లో ఆగిపోవడమే. తెలివైన పిల్లవాడు, జాబితాలో ఆ మాట చదివినవాడే. అతనికి క్రియ గుర్తొచ్చింది, ‘అప్’ గుర్తుకు రాలేదు. క్రియ వైపు నుంచి చదివితే సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

మీరు అడిగిన నాలుగింటినీ ఇప్పుడు చూద్దాం. గివ్ అప్ చేతులెత్తేయడం. టేక్ అప్ చేపట్టడం: కొత్త పని, కొత్త అలవాటు, బాధ్యత. చోటునో, సమయాన్నో ఆక్రమించడానికీ అదే మాట. పుట్ అప్ పైన పెట్టడం, గోడకు పోస్టర్ అంటించినట్టు. చుట్టానికి ఇంట్లో బస ఇవ్వడం కూడా. మేక్ అప్ కల్పించడం, గొడవపడినవారు మళ్ళీ కలిసిపోవడం. వెనక ‘ఫర్’ చేరితే లోటు పూడ్చడం. ‘పుట్ అప్ విత్’ ఉంది చూశారూ, ఓర్చుకోవడం, దాన్ని ఏ వర్గంలోకీ లాగకండి. దానికి కారణం వెతికి తలనొప్పి తెచ్చుకోవడం కంటే మాటగా నేర్చుకోవడం నయం. ‘థ్రో అప్’ మాత్రం సులువే, కడుపులోది పైకి రావడం.

ఒక హెచ్చరిక కూడా. కొన్నిచోట్ల ‘అప్’, ‘డౌన్’ రెండూ ఒకే పనికి వస్తాయి. ‘స్లో అప్’ అన్నా, ‘స్లో డౌన్’ అన్నా నెమ్మదించడమే. కానీ ఇల్లు ‘బర్న్ డౌన్’ అవుతుంది, కాగితం ‘బర్న్ అప్’ అవుతుంది: ఇల్లు కాలి కూలుతుంది, కాగితం కాలి మాయమవుతుంది. దిక్కుల లెక్క ప్రతిచోటా అచ్చుగుద్దినట్టు కుదరదు. కుదిరినచోట వాడుకోవాలి, కుదరనిచోట పట్టుబట్టకూడదు.

వాక్యంలో ఎక్కడ పెట్టాలి

పరీక్షలో మార్కులు పోయేది అర్థం దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ. కర్మ, అంటే పని దేని మీద జరుగుతుందో ఆ మాట, నామవాచకమైతే ‘అప్’ను ముందు పెట్టినా వెనక పెట్టినా ఒప్పే: ‘పిక్ అప్ ద బ్యాగ్’, ‘పిక్ ద బ్యాగ్ అప్’. సర్వనామం అయితే మాత్రం అది మధ్యలోనే ఉండాలి: ‘పిక్ ఇట్ అప్’. ‘పిక్ అప్ ఇట్’ ఎప్పుడూ తప్పే. ఎందుకంటే ఇంగ్లిష్ వాక్యం చివర ఒత్తు పడుతుంది, అక్కడ కొత్త సంగతి ఉండాలి. ‘ఇట్’ అనేది ఇద్దరికీ ముందే తెలిసిన వస్తువు, దానికి ఒత్తు అక్కర్లేదు. అందుకే అది మధ్యలో దాక్కుంటుంది, ఒత్తు ‘అప్’ తీసుకుంటుంది.

‘విత్’, ‘టు’ లాంటి రెండో మాట కూడా చేరిన మూడు మాటల గుంపును విడదీయకూడదు: పుట్ అప్ విత్, కీప్ అప్ విత్, గౌరవంగా చూడటానికి వాడే లుక్ అప్ టు. సర్వనామమైనా వీటి తర్వాతే వస్తుంది. గ్రో అప్, షో అప్ లాంటి వాటికి కర్మే ఉండదు, కాబట్టి వాటితో ఈ గొడవే లేదు. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ నిఘంటువులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో ‘పిక్’కూ ‘అప్’కూ మధ్య ‘సంథింగ్’ అనో, దానికి పొట్టిగా ఎస్‌టీహెచ్ అనో రాసి ఉంటే విడదీయవచ్చని అర్థం, ఆ గుర్తు చివర్లో మాత్రమే ఉంటే విడదీయకూడదని. కోచింగ్ పుస్తకాల జాబితాల్లో ఈ గుర్తు ఉండదు, అందుకే అర్థం తెలిసినా వాక్యం తప్పుతుంది.

మన నోటికి ప్రత్యేకంగా వచ్చే తప్పులు

చెకప్, లాకప్, పికప్, బ్యాకప్, సెటప్, వార్మప్, ఇవన్నీ మన ఊళ్ళలో తెలుగు మాటలైపోయాయి. చదువురాని అవ్వ కూడా చెకప్‌కు పోతున్నానంటుంది. దీనివల్ల మేలూ ఉంది, చిక్కూ ఉంది. మేలు ఏమిటంటే ‘అప్’ మీకు కొత్త కాదు. చిక్కు ఏమిటంటే ఇవి మన చెవికి ఒకే మాటగా, నామవాచకంగా వచ్చాయి. ‘పికప్ చేసుకున్నాడు’ అని మనం ‘చేయు’ తగిలిస్తాం. అదే తలలో ఉండి, ఇంగ్లిష్‌లో భూతకాలం చెప్పాల్సి వచ్చినప్పుడు ‘పికప్డ్’, ‘బ్యాకప్డ్’ అని వస్తుంది. భూతకాలపు గుర్తు క్రియకే తగలాలి: ‘పిక్డ్ అప్’, ‘బ్యాక్డ్ అప్’. మధ్యలో రెండు మాటలున్నాయని చేతికి అలవాటు కావడానికి ఓ పది వాక్యాలు భూతకాలంలోనే రాయండి.

పలకడంలోనూ తేడా ఉంది. నామవాచకం చెకప్ అన్నప్పుడు ఒత్తు మొదట పడుతుంది. క్రియగా వాడితే ‘అప్’ మీద పడుతుంది. ‘లుక్ అప్’లో ‘అప్’ గట్టిగా వినిపిస్తుంది, ‘లుక్ యాట్’లో ‘యాట్’ వినీ వినిపించనట్టు పోతుంది. వింటున్నప్పుడు ఇది పట్టుకున్నవారికి ఫ్రేజల్ వెర్బ్ ఎక్కడుందో చెవే చెబుతుంది.

‘కోప్ అప్ విత్’ అని మన దేశమంతా అంటుంది, రాస్తుంది. సరైనది ‘కోప్ విత్’, మధ్యలో ‘అప్’ లేదు. కీప్ అప్ విత్, పుట్ అప్ విత్ చూసి ఇది కూడా అలాగే ఉంటుందనుకోవడం వల్ల వచ్చింది. పరీక్షల్లో తప్పు పట్టమనే ప్రశ్నలకు ఇది తయారుగా ఉండే సరుకు. ‘ఫ్యాన్ ఆన్ చెయ్యి’ అనే అలవాటుతో ‘ఆన్ ద ఫ్యాన్’ అనడం ఇంకొకటి. ఇంగ్లిష్‌లో ‘ఆన్’ క్రియ కాదు, ముందు ‘స్విచ్’ అనో ‘టర్న్’ అనో ఉండాల్సిందే.

నోటుపుస్తకం ఎలా పెట్టాలి

క్రియల వరుసలో కాక, ‘అప్’కు ఏడు పేజీలు విడిచి ఒక్కో పనికి ఒక్కో పేజీ ఇవ్వండి. పేజీ పైన ఇంగ్లిష్ అర్థం రాయకండి, తెలుగు మాట రాయండి: ‘తినేయడం, ఎండిపోవడం’ ఒక పేజీకి, ‘తలెత్తడం, తేలడం’ ఇంకో పేజీకి. కొత్తది కనబడినప్పుడల్లా ఏ పేజీలోకి వెళుతుందో మీరే తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలోనే మాట మనసులో నిలుస్తుంది, చదవడంలో కాదు. ఏ పేజీలోనూ ఇమడనివాటికి చివర ఒక పేజీ ఉంచండి, వాటిని మాత్రమే బట్టీ పట్టండి. ఆ పేజీ ఎంత చిన్నదో చూశాక మీ భయం సగం తగ్గుతుంది.

ప్రతిదానికీ మీ ఊరి వాక్యం ఒకటి రాయండి. పుస్తకంలోని జాన్, మేరీల వాక్యాలు మీ తలలో ఉండవు. మిర్యాలగూడ రైస్ మిల్లు కార్యాలయంలో పనిచేసే ఒక అమ్మాయికి ఇలాగే చెప్పాను. కోతల కాలంలో మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరడం ‘లైన్ అప్’, గోనె సంచులు వాడేయడం ‘యూజ్ అప్’, రేటు పెరగడం ‘గో అప్’, మూతి కుట్టేయడం ‘సో అప్’. తన పని చుట్టూ ఉన్నవాటితో మొదలుపెట్టింది కాబట్టి ఉత్తరాలు రాయడంలో అవి వాటంతట అవే వచ్చాయి. మీ ఇంట్లో బత్తాయి తోట ఉంటే బత్తాయి మీద రాయండి, కిరాణా కొట్టు ఉంటే కొట్టు మీద రాయండి.

‘గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఆఫ్, గెట్ ఓవర్’ అని ఒకే క్రియతో ఒకే రోజు నేర్చుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ఒకేలా కనబడేవి పక్కపక్కన ఉంటే ఒకదాన్ని ఇంకొకటి తుడిచేస్తుంది. ‘అప్’ కుదిరాక ‘అవుట్’కు, తర్వాత ‘ఆఫ్’కు వెళ్ళండి. మూడూ స్థిరపడ్డాక క్రియల వరుసలో ఒకసారి తిరిగి చూసుకుంటే అప్పుడది పునశ్చరణగా పనికొస్తుంది.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి, లాటిన్ మూలాల మాటలు కొలువులోకీ చట్టంలోకీ చేరాయి. ఇంటి మాటలు చిన్న క్రియలతోనే నడిచాయి. మనకు ‘సహించు’, ‘ఓర్చుకొను’ రెండూ ఉన్నట్టే వారికి ‘టాలరేట్’, ‘పుట్ అప్ విత్’ రెండూ ఉన్నాయి. తెలుగు మీడియం పిల్లలకు పుస్తకాల నుంచి ‘టాలరేట్’, ‘పోస్ట్‌పోన్’ ముందుగా వస్తాయి. మాట్లాడేవారి నోట ‘పుట్ అప్ విత్’, ‘పుట్ ఆఫ్’ విని తెల్లబోతారు. కాబట్టి మాట్లాడటానికీ, వినడానికీ, మామూలు ఈమెయిల్‌కూ ఫ్రేజల్ వెర్బ్స్ కావాలి. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ అర్హత పేపరు ఉంది. అలాంటిచోట వ్యాసమో, అధికారికి లేఖో రాస్తున్నప్పుడు ఒక్కమాట క్రియ ఎక్కువ హుందాగా ఉంటుంది. అయితే ‘సెట్ అప్’, ‘డ్రా అప్’ లాంటివి అక్కడ కూడా నిరభ్యంతరంగా రాయవచ్చు. ‘మేక్ అప్’, ‘టర్న్ అప్’ లాంటివాటి విషయంలో చూసుకోండి.

బ్యాంకు పరీక్షల్లో ఖాళీలు పూరించే ప్రశ్నల్లో ఐచ్ఛికాలన్నీ ఒకే క్రియతో, వేర్వేరు చిన్న మాటలతో ఇస్తుంటారు. అక్కడ క్రియ ఏ సాయమూ చేయదు. వాక్యంలో పని పూర్తయిందా, పెరిగిందా, తలెత్తిందా, ఆగిందా అని తెలుగులో ఒక్క క్షణం అడిగి చూసుకుని అప్పుడు గుర్తు పెట్టండి.

ఇక దరఖాస్తు సంగతి. బిందె, ట్యాంకు లాంటివాటిని అంచు దాకా నింపడానికి ‘ఫిల్ అప్’, ఇది పూర్తి చేసే ‘అప్’. దరఖాస్తులో ఖాళీల లోపల వివరాలు రాస్తాం కాబట్టి బ్రిటిష్ వాడుక ‘ఫిల్ ఇన్’, అమెరికాలో ‘ఫిల్ అవుట్’ ఎక్కువ. మన దేశంలో దరఖాస్తుకు ‘ఫిల్ అప్’ అనడం బాగా పాతుకుపోయింది, బ్యాంకు కౌంటరు దగ్గర అలా అంటే ఎవరూ తప్పుగా చూడరు. పరీక్షలో మాత్రం దరఖాస్తుకు ‘ఫిల్ ఇన్’ రాయండి.